చర్ఖీ బిగుసుకున్న యేడు

మొన్న ఒక పిల్లగాడు మా ఇంటికొచ్చిండు. పిల్లగాడంటే గడ్డం నెరుస్తున్నోడే, నా వయసుకు అందరు పిల్లగాండ్ల లెక్కనే కనబడుతున్నరు. హైదరాబాద్ నుంచి వస్తున్న అమ్మా, పాత మిలిట్రీ జీపులు దొరికితే మంచిగ చేసి మల్ల రోడ్డెక్కిస్త, మీ దగ్గర పాత చర్ఖీ ఒకటి ఉన్నదని బోధన్ల చెప్పిండ్రు అన్నడు. బోధన్ల ఎవరు చెప్పిండ్రు? నేను నిజామాబాద్ల ఈ గల్లీల ఉంటున్ననని వానికెట్ల తెలుసు? తెలిసినోడు తాను రాకుంట నిన్నెందుకు తోలిండు? గేటు తాళం తియ్యకుంటనే ఇవన్ని అడిగిన. ఆ పిల్లగాడు చెమట తుడుసుకుంట అన్నిటికి ఓపికగ జవాబు చెప్పిండు. అంత ఓపికగ చెప్తుంటే నాకు ఇంకింత అనుమానమొచ్చింది. ఏ మతలబు లేనోడు ఇంతసేపు ఎండల నిలబడతడా? చివరికి పక్కింటామెను పిలిచి వరండాల కూసోబెట్టి, అప్పుడు తాళం తీసిన.

చర్ఖీ అంటే తెల్వనోళ్ల కోసం చెప్త. జీపు ముందర బంపరు కాడ బిగించిన ఇనుప డ్రమ్ము, దానికి చుట్టిన ఉక్కు తాడు. నల్లరేగడిల దిగబడ్డ లారీకి ఆ తాడు కొక్కెం తగిలిస్తే, ఇంజను బలంతోని డ్రమ్ము తిరిగి లారీని గట్టుకు గుంజుతది. పక్కన ఒక కడ్డీ ఉంటది. ఒక దిక్కు నూకితే డ్రమ్ము ఇంజనుకు కలుస్తది, ఇంకో దిక్కు నూకితే విడిపోయి వదులుగ తిరుగుతది. వదులైతేనే తాడును చేత్తోని లారీ దాక తీస్కపోవచ్చు. మా జీపు ఎప్పుడో పోయింది, చర్ఖీ ఒక్కటి మెట్ల కింద గోనెసంచిల చుట్టి ఉన్నది. పిల్లగాడు సంచి విప్పి, కడ్డీ పట్టి ఇటు అటు నూకి, "జామైంది అమ్మా" అన్నడు. జామైందని నాకెందుకు చెప్తున్నడు, దీంట్ల ఏమున్నది అని నేను లెక్కలేసుకుంటుంటెనే బ్యాగుల నుంచి సుత్తె తీసిండు. "ఏయ్, సుత్తె లోపల పెట్టు! ముందుగాల అది ఎందుకు బిగుసుకున్నదో సూడు!" అని అరిచిన. అరిచినంకనే నాకు సమజయింది. ఆ గొంతు నాది కాదు, మా బాపుది.

మా బాపు రాజన్నకు ఈ లోకంల ఎవ్వలమీద నమ్మకం లేకుండె. పాలోడు పాలు పోస్తే గోరు మీద బొట్టేసుకుని అది నిలుస్తదా జారుతదా అని సూసేటోడు. కిరసనాయిల్ డబ్బాల పుల్ల ముంచి, తడి ఎక్కడి దాక వచ్చిందో గీత పెట్టి, ఆ పుల్లను దూలం సందుల దాచేటోడు. రెండు దినాలకు మల్ల ముంచి, "ఇంత దిగింది, ఎవలకిచ్చినవ్?" అని నన్ను కన్న అవ్వను అడిగేటోడు. "దీపం తాగింది, దాన్నే అడుగు" అనేది మా అవ్వ. పానాలు, స్క్రూడ్రైవర్లు బియ్యం గుమ్మిల దాచిపెట్టేటోడు. అందుకే మా ఇంట్ల అన్నానికి అప్పుడప్పుడు గ్రీసు వాసన వచ్చేది. నేను పెండ్లయి అత్తగారింటికి పోయినంకనే అన్నానికి అసలు వాసన ఏందో నాకు తెలిసింది. హోటల్ల చాయ తాగితే గోడకు వీపు ఆనిచ్చి, దర్వాజ దిక్కు మొకం పెట్టి కూసునేటోడు. ఎవలన్న మంచిగ మాట్లాడితే చాలు, ఇంటికొచ్చి రాత్రంత అదే ఆలోచన, వాడు ఎందుకట్ల మాట్లాడిండు అని.

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులవి. చెరుకు సీజన్ షురువయిందంటే బోధన్ గాలంతా మొలాసిస్ వాసన పట్టేది, చక్కెర తీసినంక మిగిలే మడ్డిది. ఉతికి ఆరేసిన బట్టలకు, జడలకు, ఆఖరికి కుండల నీళ్లకు గూడ ఆ పులిసిన తీపి వాసన. కాల్వల కింద నల్లరేగడి భూములు, అండ్ల చెరుకు నింపిన లారీ దిగబడ్డదంటే ఎడ్లతోని అయ్యే పని కాదు. అప్పుడు మా వాకిట్లకు ఉరికొచ్చేటోళ్లు. బాపు మిలిట్రీ వేలంల తెచ్చిన జీపును, దానికున్న చర్ఖీని నమ్ముకుని మా ఇల్లు నడిచేది. జీపు నడిపేటోడు దావీదన్న. బోధన్లనే పుట్టిన మనిషి, మెథడిస్టు చర్చికి ఇస్త్రీ అంగీ తొడుక్కుని పోయేటోడు. నన్ను బిడ్డా అని, అవ్వను వదినె అని, బాపును అన్న అని పిలిచేటోడు. బాపు లోకంల ఎవ్వలనన్న సగమన్న నమ్మిండంటే గా దావీదన్ననే. నమ్ముడంటే ఏంది, జీపు తాళంచెవి అతని చేతికిచ్చి, తాను పక్క సీట్ల కూసుని పొద్దంతా అతని చేతులు సూసుడు.

మా అవ్వది మోర్తాడ్. ఆ దిక్కు పసుపు ఉడుకబెట్టే కాలంల పుట్టింటికి పోయి, యాడాదికి సరిపోను పసుపు దంచుకుని మూట కట్టుకుని వచ్చేది. బజార్ల పసుపు ముట్టేది కాదు, అది పిండి అనేది. దసరనాడు జీపుకు పూజ చేసుడు అవ్వ పని. దావీదన్న జీపును, చర్ఖీని అద్దంలెక్క తుడిచిపెట్టి, పూజ టైముకు వాకిలి అవతలికి పోయి నిలబడేటోడు. వాండ్ల పద్ధతి వాండ్లది. అవ్వ అతని కోసం వేరే కొబ్బరికాయ దేవునికి సూపెట్టకముందే కొట్టి, ఇంత బెల్లం కలిపి పంపేది. అవ్వ పూజ చేసేటప్పుడు దగ్గర ఎవ్వలు ఉండొద్దు. మాట్లాడితే మొక్కు చెడుతదని బాపును, నన్ను గూడ లోపలికి తోలేది.

ఆ యేడు దసర దాటంగనే దావీదన్న వచ్చి, "అన్నా, సుబ్బారావు గారు కొత్త ట్రాక్టరు తెచ్చిండు, నడుపుమంటున్నడు, పోత" అన్నడు. సుబ్బారావు గారు కోస్తా నుంచి వచ్చి కాల్వ కింద భూమి చేసుకుంటున్న క్యాంపు రైతు. బాపు సరే అన్నడు. అతను తిరిగిచ్చిన తాళంచెవి చేతుల పడంగనే దాన్ని వాసన సూసిండు. ఎందుకు సూసిండో ఆ భగవంతునికే తెలువాలె.

సీజన్ షురువయింది. మొదటి పిలుపే సుబ్బారావు గారి పొలం నుంచి. లారీ సగం టైర్ల దాక దిగబడ్డది, వెనకాల బండ్లన్ని ఆగిపోయినయి. బాపు తానే జీపు నడుపుకుంట పోయిండు. కడ్డీ నూకితే కదలలే. తాడు గుంజితే రాలే. అందరు సూస్తున్నరు. బాపు కాలుతోని తన్నిండు, ఇంకొకడు వచ్చి తన్నిండు, చర్ఖీ కదలలే. చివరికి దావీదన్న నడిపే ట్రాక్టరు, ఇంకో ట్రాక్టరు కలిసి లారీని గుంజినయి. బాపు ఇంటికొచ్చి చెప్పులు విడవకుంటనే అన్న మాట నాకిప్పటికి యాదికున్నది: "దావీదుగాడు చక్కెర పోసిండు. పోయేముందు చర్ఖీల చక్కెర పోసి పోయిండు."

ఇంట్ల అంటే ఇంట్లనే పోతుండె. బాపు హోటల్ల అన్నడు, కాంట కాడ అన్నడు. కాంట అంటే చెరుకు బండ్లు తూకానికి వరుస కట్టే జాగ, ఊరి మాటలన్ని ఆడనే పుట్టేటివి. ఇంజన్ల చక్కెర పోసేటోడు అన్న పేరు డ్రైవరుకు పడ్డదంటే వాని బతుకు ఖతం. ఎవడు వాని చేతికి బండి ఇస్తడు? వారం తిరగకముందే సుబ్బారావు గారు ట్రాక్టరు తాళంచెవి వెనక్కి తీస్కున్నడు. బోరింగు కాడ దావీదన్న పెండ్లాం అవ్వను సూసి బిందె సగమే నింపుకుని ఎళ్లిపోయింది. అవ్వ ఇంటికొచ్చి బాపుతోని, "నువ్వు కండ్లతోని సూసినవా?" అన్నది. "సూస్త. విప్పి సూస్త. చక్కెర తీసి కాంట కాడ అందరికి నాకిపిస్త" అన్నడు.

మెకానిక్ షెడ్డుకు తీస్కపోతే పార్టులు మారుస్తరని బాపు భయం. అందుకే చర్ఖీని జీపు నుంచి విప్పి, ఇంటి వెనక పెరట్ల గోనెసంచులు పరిచి పెట్టిండు. పని చేసేటోళ్లం ముగ్గురం: బాపు, అవ్వ, నేను. పదో తరగతి పరీక్షలు రాసి నేను ఇంట్లనే ఉంటి. మొదలు కిరసనాయిల్ల పాత ఇంజను నూనె కలిపి డ్రమ్ముకు, ఇరుసుకు నడుమ సందుల పోసి నానబెట్టినం. అంగడినాటి నుంచి మల్ల అంగడి దాక, వారమంత నానింది. రోజు పొద్దుగాల బాపు పెద్ద పానకు పైపు తొడిగి, మొత్తం ఒళ్లు దాని మీద ఏసి గుంజేటోడు. పైపు వంగింది గని అది కదలలే. "కొట్టొద్దు, కొడితే ఇరుసు తల పగిలి పువ్వు లెక్కయితది, ఇగ ఎప్పటికి రాదు" అని తనకు తానే చెప్పుకునేటోడు. కోపానికి సుత్తె లేపి, మల్ల దించేటోడు. లోకాన్ని నమ్మనోడు ఇనుమును మాత్రం ఎంత ఓపికగ సూసిండో.

ఇగ వేడి పెట్టుడు తప్ప వేరే దారి లేకుండె. డ్రమ్ము వేడయితే ఉబ్బుతది, లోపలి ఇరుసు చల్లగుంటే ఉబ్బదు, అప్పుడు నడుమ పట్టు వదులయితది. బాపు కట్టెల మంట పెట్టబోతే అవ్వ ఆపింది. "కట్టెల మంట ఒక్కజాగనే ఎగుస్తది. పిడకలు పెట్టు. పాలు కాగబెట్టేదాన్ని నాకు తెల్వదా మంట సంగతి?" అన్నది. డ్రమ్ము చుట్టు పిడకలు పేర్చి అంటువెట్టింది. ఇరుసు చివరలకు తడి గోనెగుడ్డలు చుట్టి, ఎండకుంట నేను చెంబుతోని నీళ్లు పోసుకుంట కూసున్న. పొగకు ముగ్గురి కండ్లల్ల నీళ్లే. మధ్యాహ్నం దాక అవ్వ ఆ నిప్పును ఎగదోసుకుంట, సదురుకుంట, ఒక్కతీరుగ ఉంచింది. అప్పుడు బాపు ఇరుసు చివరకు ఇత్తడి ముక్క ఆనిచ్చి సుత్తెతోని మెల్లగ తట్టిండు. కిర్రుమన్నది. ఇంకోసారి తట్టిండు. డ్రమ్ము జెర్ర జరిగింది. జరగంగనే ఒక వాసన వచ్చింది. కాలిన బెల్లం పాకం వాసన.

బాపు సుత్తె పక్కకు పారేసి లేచి నిలబడ్డడు. అట్ల సంబురపడంగ నేను మా బాపును మల్ల సూడలే. "వాసన సూస్తున్నరా? సూస్తున్నరా? చక్కెర! నేను చెప్పలే?" అని వాకిలంత తిరిగిండు. చల్లారినంక డ్రమ్మును గుంజి తీసినం. ఇరుసు మీద నల్లగ, జిగటగ, గట్టిగ ఒక పొర పట్టుకుని ఉన్నది. బాపు గోరుతోని గీకి నాలుకకు రాసుకున్నడు. "తియ్యగున్నది" అన్నడు. ఆ మాట ఎంత తియ్యగ అన్నడో! అది డబ్బిల ఏసుకుని కాంట కాడికి పోవాలె, అంగీ తెమ్మని నాకు చెప్పిండు. నేను అంగీ తెస్తుంటె అవ్వ కొడవలి మొనతోని ఆ పొరను ఇంకింత లోతుకు గీకింది. పైన నల్లగున్నది గని లోపల పచ్చగ ఉన్నది. పసుపు. అండ్ల కుంకుమ ఎరుపు, ఎండిపోయిన బంతిపువ్వు రెక్క ఒకటి అతుక్కుని ఉన్నది.

అవ్వ అట్లనే గోనె మీద కూలబడ్డది. "ఇది చక్కెర గాదు. బెల్లం. నేను పెట్టిన" అన్నది. బాపుకు అర్థం కాలే. "నువ్వు పూజ పైన చేస్తవు, లోపలికి ఎట్ల పోతది?" అవ్వ చర్ఖీ మీద మూత ఊడిపోయిన చిన్న బొక్క సూపెట్టింది. "గిది నోరు గాదా? యేటేటా దసరకు గిండ్ల ఇంత బెల్లం, పసుపు పెట్టి కొబ్బరినీళ్లు పోస్తున్న. మనకు అన్నం పెట్టే మిషను పండుగనాడు ఉపాసముండొద్దని."

"గది నూనె పోసే బొక్కనే పిచ్చిదానా!"

"నాకెవలు చెప్పిండ్రు? ఎవ్వలను దగ్గరికి రానియ్యకపోతివి, నన్ను ముట్టనియ్యకపోతివి. నోరు లెక్క కనబడ్డది, పెట్టిన."

నాకు నవ్వొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది. బాపు చాలాసేపు ఆ పచ్చటి ముద్దను తిప్పి తిప్పి సూసిండు. నేను అనుకున్న, ఇప్పుడు ఒప్పుకుంటడు, చెప్పులేసుకుని దావీదన్న ఇంటికి పోతడు అని. బాపు అన్నది వేరే. "పసుపు నీ ఒక్క ఇంట్లనే ఉన్నదా? మోర్తాడ్ నుంచి ఏర్గట్ల దాక అంతా పసుపే. నీమీద రావాలని వాడే కలిపిండేమో!"

 తెల్లారి పొద్దుగాల్నే అవ్వ ఆ ముద్దను కొంగుల ముడేసుకుని, నన్ను వెంట రమ్మని, కాంట దిక్కు నడిచింది. మా అవ్వ పుట్టి బుద్దెరిగి కాంట కాడికి పోలే, అది మొగోళ్లు కూసునే జాగ. బండ్ల నడుమల నుంచి పోతుంటె అందరు తొవ్వ ఇచ్చి సూస్తున్నరు. నేను సిగ్గుతోని సచ్చిపోతున్న. హోటల్ ముందర సుబ్బారావు గారు, ఇంకింతమంది రైతులు ఉన్నరు. దావీదన్న కూలికి చెరుకు కట్టలు ఎత్తుతున్నడు, స్టీరింగు పట్టిన చేతులతోని. అవ్వ ముడి విప్పి ముద్దను అందరికి సూపెట్టి, చెప్పింది: "చర్ఖీ ఖరాబయింది నా చేతుల. దేవుని బెల్లం పెట్టిన నేను. దావీదు ఏం చెయ్యలే. మా ఇంటాయన అన్నది తప్పు. ఏ జాగల అన్నడో ఆ జాగలనే చెప్తున్న."

ఎవడో కిసుక్కున నవ్విండు. సుబ్బారావు గారు లేచి నిలబడి, "అమ్మా, మీరింత దూరం నడిచొచ్చి చెప్పారు, నాకదే చాలండి. తొందరపడ్డాను నేను" అని తాళంచెవి తీసి అక్కడనే దావీదన్న చేతుల పెట్టిండు. దావీదన్న తాళంచెవి దిక్కు సూడలే. అవ్వ చేతిల ముద్దను సూసి, "ఎరికే వదినె" అన్నడు. "దసర తెల్లారి పుల్లతోని గీకి, కిరసనాయిల్ పోసి కడిగేది నేనే గద. ఈ యేడు పోయే తొందరల యాది మర్సిన."

"మరి నోరెందుకు తెరవకపోతివిరా?"

"తెరిస్తే అన్న నమ్ముతుండెనా? తాను చేసి ఆడిదాని మీదికి నూకుతున్నడు అంటుండె." అప్పటిదాక మెల్లగ మాట్లాడినోడు గొంతు పెంచిండు. "నువ్వొచ్చి చెప్పినవ్, నీకు దండం పెడ్త. గని నామీద మాట అన్నది నువ్వు గాదు. అన్న నోటితోని రావాలె. గప్పటిదాక మీ వాకిట్ల అడుగు పెట్ట."

మేము ఇంటికొచ్చేసరికి బాపు జీపు చక్రాల మీది విరిగిన కమాను పట్టా ముక్కను ఆకురాయితోని రాస్తున్నడు. ఇరుసుకు, కడ్డీ కింది పండ్లచక్రానికి నడుమ ఉండే ఉక్కు చీలిక అరిగిపోయింది, దానికి కొత్తది చేస్తున్నడు. పండ్లచక్రం తుప్పు పోవడానికి మొలాసిస్ నీళ్ల కుండల ముంచిపెట్టిండు, అది ఫ్యాక్టరీల పనిచేసేటోళ్ల పద్ధతి. తల ఎత్తకుంటనే, "ఏమన్నడు?" అని అడిగిండు. అవ్వ జరిగింది జరిగినట్టు చెప్పింది. బాపు చేతుల ఆకురాయి ఆగింది. "సూసినవా మల్ల! వానికి అన్ని ఎరికే. ఎరికుండి ఊకున్నడంటె కావాలని ఊకున్నట్టే గద!" అన్నడు. అవ్వ నెత్తి కొట్టుకుని వంటింట్లకు పోయింది.

తుప్పంత విడిచినంక గరుకు కాగితంతోని ఇరుసును నున్నగ చేసి, చీలిక బిగించి, కొత్త గ్రీసు పెట్టి ఎక్కిచ్చిండు. కడ్డీ వేలుతోని నూకితే కదిలింది. ఆ సీజనంత చర్ఖీ ఎన్ని లారీలను గుంజిందో. బాపు పని మంచిగ చేసేటోడు, ఆ మాట అనకపోతే పాపం తగుల్తది. నూనె బొక్కకు ఇనుప మూత చేయించి, మూతకు చిన్న తాళమేసిండు. ప్రతి దసరకు అవ్వ పూజ చేస్తుంటె ఇప్పుడు లోపలికి పోయేటోడు కాదు, అవ్వ చేతుల దిక్కే సూసుకుంట నిలబడేటోడు. దావీదన్న మీద అనుమానం తగ్గలే, దానికి తోడు అవ్వ మీద ఇంకోటి షురువయింది. నాకు ఆ రోజుల్ల బాపు అంటే కోపం. చాల కోపం. ఇప్పటికి పూర్తిగ పోలే.

పిల్లగానికి చర్ఖీ ఇచ్చేసిన. కిరసనాయిల్ల నానబెట్టు, పిడకల వేడి పెట్టు, కొట్టకు అని చెప్పి పంపిన. పోయినంక గేటుకు తాళమేసి, గేటు మీద కెమెరాల వాడు నిజంగ పోయిండా లేదా అని ఫోన్ల సూసిన. అప్పటికి ఇప్పటికి తేడా ఏందంటె, బాపు అనుమానానికి ఒక పేరుండె, ఒక మొకముండె. హోటల్ల పేరు పెట్టి అన్నడు కాబట్టి, అవ్వ పోయి ఆ పేరు మీది మచ్చ కడగగలిగింది. ఇప్పుడు మా గల్లీల ప్రతి ఇంటికి కెమెరా ఉన్నది, ఫోను మోగితే ఎత్తాలంటె భయం, ఎవల మీద అనుమానమో ఎవ్వలకు తెల్వదు. ఎవరొచ్చి ఏ కాంట కాడ నిలబడి కాదని చెప్పాలె?

బాపు ఆఖరి రోజులల్ల నిజామాబాద్ల నా దగ్గరనే ఉండె, అవ్వ గూడ. మంచం దిగకపోయేటోడు. ఒకనాడు పొద్దుగాల దావీదన్న వచ్చిండు, బోధన్ బస్సు దిగి, కట్టె పట్టుకుని. అన్నేండ్లల్ల మా వాకిట్ల అడుగు పెట్టని మనిషి. "అన్న పిలుస్తడేమోనని సూసిన వదినె. పిలిచేటట్టు లేడని నేనే వచ్చిన" అన్నడు. మంచం పక్కన కుర్చీల కూసున్నడు. ఇద్దరు చాయ తాగిండ్రు. బాపు అతని మొకం దిక్కు సూసి, "దావీదూ, ఆ చర్ఖీ..." అన్నడు. వంటింటి దర్వాజ కాడ అవ్వ చేతుల గంటె ఆగిపోయింది.  దావీదన్న ముందుకు వంగిండు.

"...మంచిగ గుంజేది" అన్నడు బాపు.

"గుంజేది అన్నా" అన్నడు దావీదన్న.

అంతే. జెర్రసేపు కూసుని, బాపు కాళ్ల మీది దుప్పటి సదిరి, లేచిండు. అతను గడప దాటిండో లేదో బాపు నన్ను దగ్గరికి పిలిచి, "పోయి సూడు. పోయేటప్పుడు చేతుల ఏమన్న పట్కపోతున్నడేమో" అన్నడు. నాకు కోపం, సిగ్గు, ఏడుపు అన్ని ఒక్కసారే వచ్చినయి. అయినా గేటు దాక పోయిన. బాపు చెప్పిండని పోయిన. దావీదన్న గల్లీ మలుపు కాడ ఆగి వెనక్కి తిరిగి సూసిండు. నన్ను సూసిండు. మాట వినబడిందో, వినకుంటనే అర్థమయిందో తెల్వదు. కట్టెను చంకల పెట్టుకుని, రెండు చేతులు ముందుకు చాపి, అరచేతులు ఇటు తిప్పి అటు తిప్పి నాకు సూపెట్టిండు. "ఏం లెవ్వు బిడ్డా, అన్నకు చెప్పు" అని నవ్విండు.